గండి పడిందా, గేట్లు తెరుచుకున్నాయా? కలరా గుట్టు పట్టిన శంభునాథ్ దే

గుంటూరులో ఏదో ఒక పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయంటే, వాటితోపాటు ఒక పాత తగువు కూడా మొదలవుతుంది. అధికారుల ప్రకటనలో ‘అతిసారం’ అని ఉంటుంది. పేపరు ‘డయేరియా’ అని రాస్తుంది. పేటలో జనం ‘కలరా అంట, బయటికి చెప్పట్లేదు’ అని చెవులు కొరుక్కుంటారు. దీనికి వానాకాలమే రానక్కర్లేదు. 2018లో ఆనందపేట వైపు జనం ఆసుపత్రుల పాలైంది మార్చి నెలలో, ఇంకా ఎండలు ముదరక ముందే.

మా వీధిలోనూ ఒక ఏడాది ఇలాగే అయింది. పక్కింటి పిన్నిగారు నాలుగేళ్ల మనవణ్ణి ఆసుపత్రిలో చేర్చి, కనపడిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగేది: “ఇది కలరానా, డయేరియానా?” చివరికి ఒక నర్సమ్మ విసుక్కోకుండా చెప్పింది: “ఏదైతే ఏంటి మామ్మగారూ, ముందు ఈ గ్లాసులోది తాగించండి. ఒక్కసారే కాదు, స్పూనుతో.”

ఆ మాట సగం నిజం. ఆ సగం ఎందుకు నిజమో, మిగతా సగం ఎందుకు కాదో తెలియాలంటే కలకత్తాలో ఒక పాథాలజీ డాక్టరు కుందేలు పేగు మీద చేసిన పని దగ్గరికి వెళ్లాలి. ఆయన పేరు శంభునాథ్ దే. మన వైపు ఈ పేరు విన్నవాళ్లు బహు తక్కువ.

డయేరియా జబ్బు పేరు కాదు

డయేరియా అన్నా అతిసారం అన్నా ఒకటే. రోజుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్లలా విరేచనం కావడం. అది లక్షణం. జ్వరం ఎలాగో ఇదీ అలాగే. కలరా ఆ లక్షణానికి ఉన్న చాలా కారణాల్లో ఒకటి. విబ్రియో కలరే అనే క్రిమిలో ఓ1, ఓ139 అనే రెండు రకాల వల్ల వచ్చేదాన్నే కలరా అంటారు. ఈ-కొలి, రోటా వైరస్ లాంటివి వేరే కారణాలు. షిగెల్లా వల్ల రక్తం, జిగట పడితే దాన్ని రక్త విరేచనాలంటాం. దాని తీరే వేరు.

కాబట్టి ‘ఇది డయేరియా, కలరా కాదు’ అనే ప్రకటన ‘ఇది జ్వరం, డెంగీ కాదు’ అన్నట్టు ఉంటుంది. అబద్ధం కాకపోవచ్చు, కానీ అడిగినదానికి జవాబు కాదు. అలాగని ప్రతిసారీ దాస్తున్నారని అనుకోవడానికీ లేదు. నమూనా తీసి, ల్యాబులో క్రిమిని పెంచి చూస్తే తప్ప కలరా అని తేల్చలేరు. టీసీబీఎస్ అనే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపురంగు చుక్కల్లా కలరా క్రిమి పెరగడానికే ఒక రాత్రి పడుతుంది, నిర్ధారణకు ఇంకో రోజు. ఈలోపు వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు యాంటీబయోటిక్ ఇచ్చేసి ఉంటే, క్రిమి ఉన్న మనిషికి కూడా ప్లేటు ఖాళీగా రావచ్చు.

ఇక భయం ఊరికే రాలేదు. మన పెద్దవాళ్ల నోట వాంతిభేది, మరిడి అనే మాటలు ఇంకా వినిపిస్తాయి. కోస్తా ఊళ్లలో మరిడమ్మ గుళ్లు వెలసింది కూడా ఇలాంటి మహమ్మారుల మీద భయంతోనే. వైద్యం అందకపోతే ముదిరిన కలరాలో సగం మంది దాకా పోతారు. వేళకు వైద్యం అందితే నూటికి ఒక్కరు కూడా పోరు. ఈ రెండు లెక్కల మధ్య దూరమే మన కథ.

హుగ్లీ జిల్లా కుర్రాడు

శంభునాథ్ దే 1915 ఫిబ్రవరి 1న బెంగాల్లోని హుగ్లీ జిల్లా గరిబాటి అనే పల్లెలో పుట్టారు. ఉన్న కుటుంబం కాదు. స్కాలర్‌షిప్పుల మీద చదివి, కలకత్తా మెడికల్ కాలేజీలో 1939లో ఎంబీ పూర్తి చేశారు. యుద్ధం ముగిశాక లండన్ వెళ్లి, రాయ్ కామెరాన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. అంశం కలరా కాదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. దీన్ని చిన్న సంగతిగా దాటేయకూడదనిపిస్తుంది నాకు. నీరు ఉండాల్సిన చోటు నుంచి ఉండకూడని చోటికి ఎలా వస్తుందన్న ప్రశ్నతో రెండేళ్లు కూర్చున్న మనిషి, 1949లో కలకత్తాకు తిరిగొచ్చి కలరా వార్డు చూశాడు. అక్కడ ఆయన కంటికి ఆనింది క్రిమి కన్నా ముందు నీరే అయి ఉంటుంది.

ఆయన రాకముందు ఏమనుకునేవాళ్లు

కలరా క్రిమి దొరికి అప్పటికే చాలా ఏళ్లయింది. ఇటలీలో పాచినీ 1854లోనే దాన్ని చూశాడు, ఎవరూ పట్టించుకోలేదు. అదే ఏడాది లండన్లో జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే మనుషుల్ని చంపుతున్నాయని లెక్క కట్టి చూపించాడు. జర్మనీ నుంచి రాబర్ట్ కాక్ ముందు ఈజిప్టుకు, తర్వాత కలకత్తాకు వచ్చి, 1884 నాటికి క్రిమిని పట్టి, అది కలకత్తా చెరువు నీళ్లలో కూడా ఉందని చూపించాడు. ఈ క్రిమి ఏదో విషం విడుస్తూ ఉండాలని కూడా అన్నాడు.

కానీ విషం ఎవరికీ చిక్కలేదు. క్రిముల్ని ఎలుకల్లోకి, కుందేళ్లలోకి సూదితో ఎక్కిస్తే అవి చచ్చిపోయేవి గానీ, వాటికి విరేచనాలు అయ్యేవి కావు. అంటే చచ్చింది కలరాతో కాదు. దాంతో రెండో వాదం బలపడింది: క్రిమి పేగు లోపలి పొరను ఒలిచేస్తుంది, ఆ పుండులోంచి ఒంట్లో నీరంతా కారిపోతుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజులు చూసిన విజయవాడవాళ్లకు ఈ రెండు వాదాల మధ్య తేడా చెప్పడం తేలిక. ఆ వరదలో నీళ్లు రెండు రకాలుగా వచ్చాయి. బుడమేరు కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తితే 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. బుడమేరు దగ్గర కట్ట తెగింది. బ్యారేజీ దగ్గర గోడ అలాగే ఉంది, తెరుచుకున్నవి గేట్లు. కలరాలో పేగుకు గండి పడుతోందా, గేట్లు తెరుచుకుంటున్నాయా అన్నదే తగువు. గండి అయితే తాగించిన నీళ్లు కూడా దాంట్లోంచే పోతాయి, తాగించి లాభం లేదు. గేట్లయితే లోపలికి వచ్చే దారి ఇంకెక్కడైనా పనిచేస్తూ ఉండొచ్చు.

రెండు దారపు ముళ్లు, మధ్యలో పేగు

దే చేసిన ప్రయోగం చూస్తే, ఇంత తేలికా అనిపిస్తుంది. క్రిమిని రక్తంలోకి ఎక్కించడం మానేసి, మనిషిలో అది ఎక్కడ ఉంటుందో అక్కడే పెట్టాడాయన. మత్తిచ్చిన కుందేలు పొట్ట తెరిచి, చిన్న పేగులో కొన్ని అంగుళాల ముక్కను కోయకుండానే, రెండు వైపులా దారంతో ముడివేసి మూసేశాడు. ఆ గదిలోకి సూదితో కాస్త కలరా క్రిముల ద్రవం ఎక్కించాడు. పక్కనే ఇంకో గది కట్టి, అందులోకి క్రిములు లేని ఉత్త ద్రవం వదిలాడు. పొట్ట కుట్టేసి, మర్నాడు తెరిచి చూశాడు.

ఉత్త ద్రవం ఉన్న గది ముడుచుకుని మామూలుగా ఉంది. క్రిములున్న గది నీళ్లు పట్టిన బుడగలా ఉబ్బి, బిగిసి ఉంది. లోపల ఉన్నది బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవం. కలరా వార్డులో మంచాల కింద బకెట్లలో కనపడేది అదే.

ఈ పని 1953లో డి.ఎన్. చటర్జీతో కలిసి అచ్చు వేశారు. ఇలాంటి ప్రయత్నం 1915లో వేరేవాళ్లు చేసి ఉన్నారు గానీ, అది మరుగునపడింది. దే దాన్ని తనంతట తాను కనుక్కుని, నిలబెట్టారు. పెద్ద పరికరాలు లేవు. ఆయన పనిచేసింది పరిశోధన సంస్థలో కూడా కాదు, నీలరతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో. పిల్లలకు పాఠాలు చెబుతూ చేసిన పని ఇది.

అసలు దెబ్బ 1959లో పడింది. ఈసారి క్రిముల్ని ఒక్కటి కూడా మిగలకుండా వడగట్టేసి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే పేగు గదిలోకి వదిలారు. గది మళ్లీ ఉబ్బింది. క్రిమి లేదు, కలరా ఉంది. అంటే పని చేస్తున్నది క్రిమి బయటికి వదిలే విషం. మే 30న నేచర్ పత్రికలో పేజీ పైచిలుకు వ్యాసంగా వచ్చింది. కాక్ ఊహకు రుజువు దొరకడానికి 75 ఏళ్లు పట్టింది. అదే ఏడాది బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం కుందేలు పిల్లల మీద పనిచేసి, విషం వైపే వేలు చూపించింది. ఘనతంతా ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ వడగట్టిన నీళ్లతో తేల్చి చూపిన ప్రయోగం శంభునాథ్ దే చేసిందే.

గేటు ఎలా ఇరుక్కుంటుంది

తర్వాతివాళ్లు విషాన్ని శుద్ధి చేసి, విడదీసి చూశారు. అందులో ఆరు ముక్కలుంటాయి. ఐదు పేగు కణాన్ని పట్టుకోవడానికి, ఒకటి లోపలికి దూరి పని చెడగొట్టడానికి. కణంలో ఉప్పునీటిని బయటికి వదిలే స్విచ్ ఒకటి ఉంటుంది. మామూలుగా అది వేసి, తీసి నడుస్తుంది. ఈ ఆరో ముక్క దాన్ని ‘ఆన్’ దగ్గర బిగించేస్తుంది. క్లోరైడు బయటికి పోతుంది, దాని వెనకే సోడియం, వాటి వెనకే నీరు. గోడకు గీత కూడా పడదు. 1960లో కలరా రోగుల పేగు ముక్కలు తీసి చూసినప్పుడు కూడా లోపలి పొర ఊడిపోలేదని తేలింది.

గేట్లు ఇరుక్కున్నా ఇంకో దారి పనిచేస్తూనే ఉంటుంది. చిన్న పేగు కణాల్లో గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి లాగే ఏర్పాటు ఉంది. ఎత్తిపోతల మోటారు అనుకోండి. ఒక్క ఉప్పే వస్తే తిరగదు, ఒక్క చక్కెరే వస్తే తిరగదు. రెండూ కలిసి వస్తే తిరుగుతుంది, వాటి వెంట నీరు లోపలికొస్తుంది. కలరా విషం ఈ మోటారు జోలికి పోదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేసే పని ఇదే, ఇంతే. విరేచనాన్ని అది ఆపదు. పోయేదానికి సరిపడా ఎత్తిపోస్తుంది.

ఓఆర్ఎస్ నేరుగా దే ప్రయోగంలోంచి పుట్టలేదు. మోటారు సంగతి కనిపెట్టినవాళ్లు వేరు, ఢాకాలో రోగుల మీద నిరూపించినవాళ్లు వేరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డ్రమ్ముల్లో కలిపి గ్లాసులతో తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 3.6 శాతానికి దించింది దిలీప్ మహలనబిస్. అయితే ‘గోడ బాగానే ఉంది, తాగిస్తే నిలుస్తుంది’ అన్న ధైర్యానికి పునాది మాత్రం దే పేగు గదిలోనే ఉంది.

స్పూనే ఎందుకు, సీసా ఎప్పుడు

నర్సమ్మ స్పూను సంగతి లెక్క వేసి చూద్దాం. ఓ మోస్తరుగా నీరు పోయిన బిడ్డకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత కిలోకు 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. పిన్నిగారి మనవడు 12 కిలోలు అనుకుంటే 900 మిల్లీలీటర్లు. 240 నిమిషాలకు పంచితే నిమిషానికి నాలుగు మిల్లీలీటర్ల లోపే. టీస్పూను పట్టేది ఐదు. గ్లాసెడు ఒకేసారి పోస్తే వాంతి చేసుకునే పిల్లాడు, నిమిషానికో స్పూను ఇస్తే ఇముడ్చుకుంటాడు.

ఇప్పుడు మిర్చి యార్డులో టిక్కీలు మోసే 60 కిలోల మనిషి సంగతి. ముదిరిన కలరాలో గంటకు లీటరు దాకా పోవచ్చు. ఒంటి బరువులో పదో వంతు, అంటే ఆరు లీటర్లు పోతే నాడి అందదు, మనిషి షాక్‌లోకి పోతాడు. పొద్దున యార్డుకు వెళ్లిన మనిషికి సాయంత్రానికి ఇది జరగొచ్చు. అతనికి స్పూను చాలదు. కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున నరంలోకి ఎక్కించాలి. అదీ ఆరు లీటర్లే, అంటే అరలీటరు సీసాలు పన్నెండు. ‘ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టించాం, తగ్గుద్దిలే’ అనే మన అలవాటు ఈ రెండు లెక్కల్లో దేనికీ సరిపోదు. పిల్లాడికి సీసా అక్కర్లేదు, కూలీకి ఒకటి చాలదు.

చక్కెర ఎంత అన్నది ఇంకో చిక్కు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. మామూలు కూల్‌డ్రింకులో చక్కెర 100 గ్రాముల పైనే. అంత చక్కెర పేగులోకి వెళ్తే మోటారు లాగలేక మిగిలిపోయి, ఒంట్లో నీటినే పేగులోకి గుంజుతుంది. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఇందుకే. ఆ ఫార్ములా లేని డ్రింకులకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. మా అమ్మమ్మ మాత్రం ఉప్పేసిన పల్చటి గంజి పోసేది. బియ్యపు పిండి పదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజు అవుతుంది కాబట్టి అదీ మోటారును తిప్పుతుంది. కాకపోతే అదే అమ్మమ్మ ‘నీళ్లు తాగకు, ఇంకా ఎక్కువవుద్ది’ అని చెంబు దాచేసేది కూడా.

విషం ఒక్కదానితో కథ తేలదు

1956లోనే దే తన పేగు గదిలో ఈ-కొలి క్రిముల్ని కూడా పెట్టి చూశారు. కొన్ని రకాలకు గది ఉబ్బింది. కలరా కాని క్రిమి, కలరాలా గేట్లు తెరుస్తోంది. నర్సమ్మ ‘ఏదైతే ఏంటి’ అనగలిగింది అందువల్లే.

మరి కలరా క్రిములన్నీ విషమున్నవేనా అంటే, కాదు. విషం తయారుచేసే జన్యువును ఆ క్రిమిలోకి మోసుకొచ్చేది ఒక వైరస్ అని 1996లో తేలింది. వైరస్ సోకిన క్రిమి మనిషిని పడగొడుతుంది, సోకనిది నదీ ముఖాల్లో, ఉప్పునీళ్లలో తన బతుకు తాను బతుకుతుంది. కాబట్టి రిపోర్టులో ‘విబ్రియో కలరే’ అనే మాట ఒక్కటే చూసి బెదరడం తొందరే. ఏ రకం, విషం ఉందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. ఓ139 రకం 1992లో ముందు కనిపించింది మద్రాసులో. పేరు మాత్రం ‘బెంగాల్’ అని స్థిరపడింది.

టీకా సంగతీ ఇలాగే మలుపు తిరిగింది. తిరునాళ్లకు వెళ్లాలంటే కలరా సూది వేయించుకోవాల్సిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. చచ్చిన క్రిముల్ని కండలోకి ఎక్కిస్తే పేగుకు దొరికే రక్షణ కొద్దిపాటిదే. దేశాలు దాటేవాళ్లకు ఆ సూది సర్టిఫికెట్ అక్కర్లేదని 1973లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఇప్పుడున్నవి నోటి చుక్కలు. 2009లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాంకాల్ అలాంటిదే, దాని తయారీ తర్వాత ఆగిపోయింది. తమాషా ఏంటంటే, అందులో కలరా విషం ముక్క లేదు, చంపిన క్రిములే ఉండేవి, అయినా రక్షణ ఇచ్చింది. జబ్బు తెచ్చేది విషమే అయినా, క్రిమిని పేగుకు అంటుకోకుండా ఆపినా చాలన్నమాట.

ఎందుకు మరుగునపడ్డాడు

నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ దే పేరును ఒకటికి రెండుసార్లు నోబెల్‌కు ప్రతిపాదించాడు. మన దేశంలో మాత్రం ఏ సైన్స్ అకాడమీ ఆయన్ను ఫెలోగా తీసుకోలేదు. ఎందుకని అడిగితే తలో జవాబు.

ఢిల్లీ, బెంగళూరు పెద్ద సంస్థల వెలుగులో మెడికల్ కాలేజీ మాస్టారు ఎవరి కంటా పడలేదని కొందరంటారు. ఆయన మితభాషి, తన పని గురించి తాను చెప్పుకునే రకం కాదు, శిష్య పరంపర కూడా పెద్దగా లేదు అని ఇంకొందరు. మూడో వాదం కాలం మీద నెడుతుంది: 1959లో కలరా పశ్చిమ దేశాల సమస్య కాదు. 1961లో ఇండోనేషియాలో ఎల్ టార్ రకంతో ఏడో మహమ్మారి మొదలయ్యాకే అందరికీ విషం గుర్తొచ్చింది. అప్పటికి దాన్ని శుద్ధి చేసే పందెంలో డబ్బు, పరికరాలు ఉన్న అమెరికా ల్యాబులు ముందుకు పోయాయి, 1969లో సాధించాయి. నాకు మూడోదే బరువైన కారణంలా కనిపిస్తుంది. అయితే మన అకాడమీల మౌనానికి అది సమాధానం కాదు. 1959 వ్యాసం చదవడానికి పరికరాలేమీ అక్కర్లేదు కదా.

దే 1973లో కలకత్తా మెడికల్ కాలేజీలో రిటైరయ్యారు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియానికి పిలిచినప్పుడు, అరవైల నుంచీ చచ్చిపోయి ఉన్న నన్ను తవ్వి తీశారు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. 1985 ఏప్రిల్ 15న కన్నుమూశారు. కరెంట్ సైన్స్ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక వేసింది 1990లో.

రోగికి అక్కర్లేని జవాబు, పైపుకు కావాలి

మంచం మీద ఉన్న మనిషికి క్రిమి పేరు రెండో సంగతి. పేటకు అలా కాదు. కలరా అని తేలితే ఒక్క కేసైనా ఊరంతా కదలాలి, ఎందుకంటే అది నీళ్ల వెంట పరుగెత్తే జబ్బు. ఈ-కొలి అని తేలినా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. మనిషి మలం తాగునీళ్లలో ఎక్కడో కలిసిందనడానికి అదీ సాక్ష్యమే.

కలిసే తీరు మన వీధుల్లో చాలావరకు ఒకటే. కుళాయి నీళ్లు రోజంతా రావు. వచ్చే గంట సేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, మిగతా వేళల్లో ఖాళీ. సైడు కాలువలో మునిగిన పైపుకు చిల్లు ఉంటే, నీళ్లు వచ్చేటప్పుడు అది బయటికి కారుతుంది, ఆగిపోయాక కాలువ నీళ్లు లోపలికి చేరతాయి. ఎవరో ఒకరు కుళాయికే మోటారు బిగించి లాగితే ఇంకా చెప్పక్కర్లేదు, స్ట్రా పెట్టి కాలువను పీల్చినట్టే. మర్నాడు వచ్చే మొదటి బిందె ఎవరిదైతే వాళ్ల ఇంట్లో మొదలవుతుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నియమం ఇలాంటి చిల్లులను దృష్టిలో పెట్టుకున్నదే.

మా వీధి రిపోర్టు నాలుగో రోజున వచ్చింది. కలరా క్రిమి లేదు, ఈ-కొలి ఉంది. పిన్నిగారి మనవడు అప్పటికే ఇంటికొచ్చి, గేటు పట్టుకుని ఊగుతున్నాడు. వీధి మొగలో గొయ్యి తవ్వుతుంటే అందరం మూగి చూశాం. సైడు కాలువ అడుగున ఎవరింటి కనెక్షనో, జాయింటు దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి ఉంది. ప్లంబరు దాన్ని లాగితే చేతిలోకి ఊడొచ్చింది.

“అయితే కలరా కాదుగా?” అంది పిన్నిగారు మళ్లీ.

గొయ్యిలో ఉన్నతను తలెత్తకుండా, ఈ లైను మీద మోటార్లు ఎన్నిళ్లకు ఉన్నాయని అడిగాడు.